సిక్కా

ముహర్రఖ్‌ల పాత ఇండ్ల నడుమ
రెండు మీటర్ల నలభై వెడల్పు సందు.
ఇక్కడోళ్ళు దాన్ని సిక్కా అంటరు.
మా దిక్కు సిక్కా అంటే కాయితం మీద గుద్దే ముద్ర.
ఆ రెండు మాటలు ఒకదాని మీదొకటి పడబోయిన దినం
నేను అక్కడనే ఉన్న,
నక్ష సుట్ట చంకల పెట్టుకొని.

నా కొలువు నిలబడుడు.
కర్ర కొనకు అద్దం, కిందికి నీటి బుడగ.
బుడగ గీతల నడుమకు వచ్చేదాక
ఊపిరి బిగవట్టుడు.
అవతల మూడుకాళ్ళ మిషిన్ల కన్ను పెట్టి
రొడెల్ సారు చెయ్యి ఊపితే
ఇంకో మూలకు జరుగుడు.
పదమూడేండ్ల సంది ఇదే.

ఇటు ఇల్లు, అటు ఇల్లు ఒక్క అర్బాబువే.
నడిమి సందు కలుపుకుంటే
కార్లకు నీడైతదని బల్దియాకు అర్జీ.
(ఇక్కడా బల్దియానే.
ఆ మాట ఒక్కటి కొత్తగ నేర్చుకునే పని పడలే.)

గోడకు నోటీసు అంటించిన్రు,
అరబ్బీల, ఇంగ్లీషుల.
అభ్యంతరం ఉన్నోళ్ళు ముప్పై దినాలల్ల చెప్పుకోవాలె.
దాని ముందటికెళ్ళే
రాజంపేట హుసేనమ్మ వేడి ఖుబ్బూసులు
పేపర్ల చుట్టుకొని పోయింది.
రాజోలు వరాలు మేడం పిల్లగాని బండి నూకుకుంట పోయింది.
గోందు ఇంకా తడిగనే ఉండె,
వరాలు స్కార్ఫు కొసకు అంటింది.

నడిచేటోళ్ళను లెక్కవెట్టుమన్నది కమిటీ.
నా చేతికి అట్ట, కాయితం, పెన్సిలు.
జూలై నెల.
పదకొండు నుంచి ఒంటిగంట దాక.
ఆ ఎండల పిల్లులు సుత గోడనీడకు కరుసుకొని పంటయి.
ఏసీ నీళ్ళు చుక్క చుక్క పడుతుంటే
గీత పక్కన గీత గీసిన.
మొత్తం నాలుగు.
అందుల ఒకడు తొవ్వ తప్పినోడు.

రొట్టెల భట్టీ అంటుకునే యాళ్ళకు
రేవుకు పోయే బెంగాలోళ్ళను ఎవరు లెక్కవెట్టాలె?
రాత్రి పదింటికి
చెత్తసంచి వంకతోటి బయటికొచ్చి
ఇంటికి ఫోను చేసుకునే ఆడోళ్ళను?
వాళ్ళు నడవరు, గోడకు ఒరుగుతరు.
ఒరిగినోళ్ళకు ఆ కాయితంల గడి లేదు.

మంగళవారం మీటింగు. పండ్లు కొట్టుకునే చలి.
రొడెల్ సారు "నాలుగు" అని చదివిండు.
కమిటీల పెద్దాయన, బూ రాషిద్ అంటరు,
తస్బీ ఆపి నా దిక్కు మళ్ళిండు.
హిందీల అడిగిండు:
"నువ్వున్నవు గద అక్కడ. నాలుగేనా?"

ఆ బల్ల కాడ నన్నెవరూ ఏమీ అడిగింది లేదు ఇదివరదాక.

మా మక్కచేను పక్కన బండ్ల బాట యాదికొచ్చింది.
నక్షల ఉండె, రెండు గీతలు.
నాయిన ఏటా ఒక్క సాలు అటు జరిపేది.
రెండేండ్లు నాగలి నేనే పట్టిన.
ఎవ్వడూ అర్జీ పెట్టలే, ఏ కమిటీ కూసోలే.
ఒక వానకాలం ఎనుక చేన్లోళ్ళు
ఎరువు బస్తాలు నెత్తిన పెట్టుకొని
జారే గట్ల మీదికెళ్ళి పోతుంటే
మంచె మీద కూసోని చూసిన,
పిట్టల కొట్టుకుంట.

"నాలుగు కాదు సాబ్."
"మరెంత?"
అంకె నోటికి రాలే.
"రాత్రి రావాలె మీరు."

ఎవరో నవ్విన్రు.
రొడెల్ సారు తన బూట్ల దిక్కు చూసుకున్నడు.
పెద్దాయన ఒక పూస జరిపి
అరబ్బీల ఏందో అన్నడు.
గుమాస్తా ముద్ర మూత తీసినోడు
మళ్ళ పెట్టిండు.
ఫైలు వచ్చే నెలకు పోయింది.

ఆ రాత్రి పదిన్నరకు సందుల ఉన్న,
కర్ర లేకుండ చేతులు ఏడ పెట్టాల్నో తెలుస్తలేదు.
హుసేనమ్మ ఫోన్ల బిడ్డతోటి
పరీక్ష ఫీజు కాడ కొట్లాడుతున్నది,
నన్ను చూసి గొంతు తగ్గించింది.
మూల మీద తెల్ల కారొకటి
లైట్లార్పుకొని ఆగి ఉన్నది.
అండ్ల ఎవరున్నరో కనపడలే.

నేను కూడ గోడకు ఒరిగిన.